నోటు నుదుటిరాత

నాసిక్ రోడ్డు స్టేషనులో రైలు దిగే యాత్రికులలో అధికసంఖ్యాకులు గోదావరి కోసం వచ్చినవారే. పంచవటి, రామకుండం, త్ర్యంబకేశ్వరం — వారి నాలుకపై ఆడే పేర్లు ఇవి. తెలుగు నేల నుంచి వెళ్లినవారికి మరొక ముచ్చట కూడా ఉంటుంది. రాజమహేంద్రవరం వద్ద ఆవలి ఒడ్డు కంటికి ఆనని ఆ మహానది ఇక్కడ మెట్ల వరుసల నడుమ చిన్న వాగులా ఒదిగి కనిపిస్తుంది. ఆ వింత చూడాలన్న ఆత్రంతో వారు ఆటోలూ బస్సులూ ఎక్కి, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఊరిలోకి సాగిపోతారు. స్టేషనుకు చేరువలోనే, ఎత్తయిన ప్రహరీల వెనుక పనిచేస్తున్న ముద్రణాలయాల వైపు తల తిప్పి చూసేవారు అరుదు. చూసినా కనిపించేది గోడ, కావలివారు, అంతే. అనుమతి లేనిదే చీమ కూడా దూరలేని చోటు అది.

కాని రామకుండంలో మునిగి లేచిన యాత్రికుడు పురోహితుని చేతిలో పెట్టే పది రూపాయల నోటు ఆ గోడ వెనుక పుట్టినదే కావచ్చు. దాని మీద గాంధీజీ బొమ్మ ఉన్నది. రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉన్నది. ఇన్ని భాషలలో రాసిన విలువ ఉన్నది. ఇవన్నీ తోటి నోట్లన్నింటి మీదా ఉన్నవే. దానికే సొంతమైనది ఒక్కటే — మూలన అచ్చుపడిన నంబరు. మనిషికి నుదుటిరాత ఎటువంటిదో నోటుకు ఆ నంబరు అటువంటిది. పురోహితుడు దానిని చదవడు, యాత్రికుడూ చదవడు. చేతికి వచ్చిన ప్రతి నోటునూ తిప్పి, ముందుగా ఆ మూలనే చూసే అలవాటు గలవారు మాత్రం ఈ దేశంలో ఊరూరా ఉన్నారు. వారికి నాసిక్ రోడ్డు మరొక విధమైన పుణ్యక్షేత్రం.

ఆంగ్లేయుల పాలనలో చాలాకాలం భారతదేశపు నోట్లు ఇంగ్లండులో అచ్చయి, ఓడల మీద వచ్చేవి. ఇక్కడే అచ్చువేసుకోవాలన్న సంకల్పంతో 1920లలో నాసిక్ రోడ్డున ఇండియా సెక్యూరిటీ ప్రెస్సు వెలిసింది. తపాలా బిళ్లలూ, స్టాంపు కాగితాలూ దాని పని. 1928లో అయిదవ జార్జి చక్రవర్తి బొమ్మ గల అయిదు రూపాయల నోటుతో నోట్ల ముద్రణ కూడా మొదలయింది. 1932 నాటికి దేశానికి కావలసిన నోట్లన్నీ నాసిక్‌లోనే తయారు కాసాగాయి. నేడు ఆ పనిని నాలుగు ముద్రణాలయాలు పంచుకుంటున్నాయి: నాసిక్, మధ్యప్రదేశ్‌లోని దేవాస్, కర్ణాటకలోని మైసూరు, పశ్చిమ బెంగాల్‌లోని సాల్బోని. మొదటి రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థ అధీనంలోనూ, తక్కిన రెండూ రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ అధీనంలోనూ ఉన్నాయి. అయినా వయసులో పెద్దన్న నాసిక్కే.

నోటుకు నంబరు పడటం అన్నప్రాశన వంటిది కాదు. అది చివరి సంస్కారం. రంగులు, బొమ్మలు, ఉబ్బెత్తు ముద్ర అన్నీ పూర్తి అయిన తరువాతనే, పెద్ద తావుల మీద నంబర్లు వేస్తారు. ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. ఒకే తావు మీద పక్కపక్కన ఉన్న నోట్లకు పక్కపక్క నంబర్లు ఉండవు. తావులను దొంతరగా పేర్చినప్పుడు, ఒకే చోట ఒకదాని కింద ఒకటిగా ఉన్న నోట్లకు నంబర్లు వరుసగా వస్తాయి. దొంతరను కోస్తే చాలు, వరుస నంబర్లు గల నూరు నోట్ల కట్ట సిద్ధం. మళ్లీ ఏరి పేర్చవలసిన పని లేదు.

ఆ నంబరుకు రెండు భాగాలు. ముందు మూడు స్థానాలలో ఒక అంకె, రెండు ఇంగ్లీషు అక్షరాలు. వాటి తరువాత ఆరు అంకెలు. అక్షరాల జత మారకుండా 000001 నుంచి మొదలై పది లక్షల దాకా లెక్క నడుస్తుంది. ఆరు అంకెలలో ఇమిడేది 999999 మాత్రమే కదా! అందువలన పది లక్షలవ నోటు మీద ఏడు అంకెలు పడతాయి: 1000000. సేకర్తల లోకంలో ఈ ఏడంకెల నోటుకు రాజమర్యాద జరుగుతుంది. 2015 నుంచి నంబరులోని అంకెలు ఎడమ నుంచి కుడికి పోనుపోను పెద్దవవుతూ అచ్చవుతున్నాయి. ఇది దొంగనోట్లను అరికట్టటానికి చేసిన ఏర్పాటే అయినా, వరుస అంకెల నోటుకు ఇది కొత్త అందం తెచ్చింది.

సేకర్తల కోరికలు విచిత్రమైనవి. ఒకరికి ఆరు అంకెలూ ఒకటే కావాలి — 111111 లాగా, 777777 లాగా. మరొకరికి మెట్లెక్కినట్లు 123456 కావాలి. వేరొకరికి మెట్లు దిగినట్లు 654321. ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకే తీరున ఉండే 247742 వంటివి కొందరికి ప్రీతి. మన ‘వికటకవి’ మాట వంటివన్నమాట. తమ పుట్టినరోజు కోసం వెతికేవారు వీరందరికంటె ఎక్కువమంది. 150847 అన్న నంబరు దొరికితే అది స్వాతంత్ర్యదినమని మురిసిపోయి దాచుకునేవారున్నారు. ఒక రూపాయి మొదలు పెద్ద నోటు దాకా అన్నింటి మీదా ఒకే నంబరు ఉండేలా వరుస కూర్చాలని పూనుకున్నవారి అవస్థ భగవంతునికే తెలియాలి. ఏడు నోట్లు దొరికి ఎనిమిదవది దొరకక ఏళ్లు గడుస్తాయి.

ఇక 786 సంగతి. ‘బిస్మిల్లా’తో మొదలయ్యే పవిత్రవాక్యంలోని అరబ్బీ అక్షరాలకు సంప్రదాయం ప్రకారం సంఖ్యావిలువలు వేసి కూడితే వచ్చే మొత్తం 786. మన దేశపు ముస్లిములలో చాలామంది ఆ అంకె గల నోటును శుభప్రదంగా భావించి ఖర్చు చేయక దాచుకుంటారు. 1975లో వచ్చిన ‘దీవార్’ చిత్రంలో కథానాయకుని ప్రాణం కాపాడిన కూలీ బిళ్ల నంబరు కూడా అదే. ఆ తరువాత మతంతో నిమిత్తం లేకుండా ఎందరో ఆ అంకె మీద మోజు పడ్డారు.

ఇక్కడ కొంచెం లెక్క వేయటం అవసరం. ఎందుకు అవసరమో ముందు ముందు తెలుస్తుంది. ఒక అక్షరాల జతకు పది లక్షల నోట్లు. వాటిలో ఆరు అంకెలూ ఒకటే అయినవి తొమ్మిది మాత్రమే. ముందు వెనుకలు ఒకటిగా ఉండేవి 999. మరి 786 అన్న మూడంకెలు ఎక్కడో ఒకచోట వరుసగా ఉండే నోట్లెన్ని? మొదటి స్థానం నుంచి గాని, రెండు, మూడు, నాలుగు స్థానాల నుంచి గాని అవి మొదలు కావచ్చు. ఒక్కొక్క తీరుకు వేయి చొప్పున నాలుగు వేలు. 786786ను రెండుసార్లు లెక్కించాము గనుక ఒకటి తీసివేస్తే 3,999. అనగా ఇంచుమించు ప్రతి రెండు వందల యాభై నోట్లకూ ఒకటి! దేశంలో ఇటీవలి సంవత్సరాలలో ఏటా రెండు వేల కోట్లకు పైగా నోట్లు అచ్చవుతున్నాయి. ఆ లెక్కన ఏడాదికి సుమారు ఎనిమిది కోట్ల 786 నోట్లు పుడుతున్నాయి.

అయితే పుట్టటం వేరు, దొరకటం వేరు. 000001 నోట్లు కూడా ఆ లెక్కన ఏటా ఇరవై వేల దాకా పుట్టాలి. కాని అవి ఏ బ్యాంకు శాఖకు, ఏ కూరగాయల అంగడికి, ఏ బస్సు కండక్టరు సంచిలోకి పోతాయో ఎవరికెరుక? చూసేవాడి కంట పడకముందే నలిగి, చిరిగి, చివరకు రిజర్వు బ్యాంకు యంత్రాలలో తునకలై, ఇటుకల వలె నొక్కబడిన కాగితపు ముద్దలైపోతాయి. నంబరు అందంగా ఉన్నదని ఆ యంత్రం కనికరించదు. నలగని నోటుకే సేకర్త విలువ కడతాడు గనుక, 2001లో రిజర్వు బ్యాంకు నోట్ల కట్టలకు పిన్నులు కొట్టవద్దని ఆదేశించినప్పుడు వారందరూ సంతోషించి ఉంటారు. అంతకు పూర్వపు నోట్లలో రంధ్రం లేనిది దొరకటమే గగనం. నీటిగుర్తు ఉండే తెల్లని జాగాలో కట్ట లెక్కను కలంతో గీకి రాసే అలవాటు మరొక శాపం.

అచ్చులో ఒక నోటు చెడిపోతే ఏమవుతుంది? వరుసకు గండి పడుతుంది. 2006లో ఇందుకొక ఉపాయం వచ్చింది. చెడిన నోటు స్థానంలో, అక్షరాలకూ అంకెలకూ నడుమ చిన్న నక్షత్రపు గుర్తు గల నోటును పెట్టసాగారు. మొదట పది, ఇరవై, యాభై రూపాయలకూ, క్రమంగా తక్కిన వాటికీ ఈ పద్ధతి విస్తరించింది. నక్షత్రం ఉన్నదని అది దొంగనోటేమో అని వెనక్కు ఇచ్చిన అమాయకులూ ఉన్నారు. అందుకోసమే కట్టలు విప్పి వెతికే సేకర్తలూ ఉన్నారు. అప్పుడు గవర్నరుగా ఉన్నది కడప జిల్లాకు చెందిన యాగా వేణుగోపాల్ రెడ్డి. ఆయన తరువాత వచ్చినది దువ్వూరి సుబ్బారావు. పదేళ్ల పాటు వరుసగా ఇద్దరు తెలుగువారి సంతకాలు దేశమంతటా చేతులు మారాయి.

అసలు నోటుకు నంబరు ఎందుకు? అందానికి కాదు, లెక్కకు. లెక్కకంటె మించి, సాక్ష్యానికి. లంచగొండిని పట్టే అధికారులు వల పన్నటానికి ముందు పంచుల ఎదుట ప్రతి నోటు నంబరునూ రాసుకుంటారు. ఆ తరువాత చేతులు కడిగితే నీళ్లు ఎర్రబడటం ఒక సాక్ష్యం. జేబులో దొరికిన నోటు నంబరు ఆ కాగితంలో ఉండటం మరొక సాక్ష్యం. దొంగదారిన డబ్బు పంపే హవాలా వ్యాపారులకు కూడా ఈ నంబరే గుర్తు. ఒక ఊరిలో పది రూపాయల నోటు నంబరు చెప్తారు; మరొక ఊరిలో ఆ నోటు చూపినవాడికి సొమ్ము ముడుతుంది. చట్టానికీ, చట్టం కళ్లు కప్పేవాడికీ ఒకే అంకె మీద నమ్మకం!

ఆ నమ్మకం ఎంత గట్టిదో 1925లో పోర్చుగల్ దేశం తెలుసుకున్నది. ఆల్వెస్ రెయిస్ అనే మాయగాడు దొంగ పత్రాలు సృష్టించి, లండనులోని వాటర్లో కంపెనీ చేతనే, అసలు అచ్చులతోనే, రెండు లక్షల అయిదు వందల ఎస్కుడో నోట్లు వేయించాడు. కాగితం అసలుదే, సిరా అసలుదే, అచ్చు అసలుదే. ఏ నిపుణుడూ తప్పు పట్టలేకపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో పోర్టో నగరంలో నోట్లను సోదా చేస్తుండగా, ఒకే నంబరు గల రెండు నోట్లు బయటపడ్డాయి. అంతటితో ఆట కట్టింది. నోటు మీద అన్నీ అబద్ధమాడినా నంబరు ఆడలేదు. ఆ వాటర్లో కంపెనీ పేరును పాఠకులు గుర్తుంచుకొనగోరుతాము. కొంతసేపటికి అది హైదరాబాదులో మళ్లీ ఎదురవుతుంది.

నాసిక్‌లో పుట్టిన నంబర్లలో అక్షరాలు చెప్పే చరిత్ర అంకెలు చెప్పేదానికంటె పెద్దది. దేశ విభజన జరిగినప్పుడు పాకిస్తానుకు సొంత నోట్లు లేవు. ‘పాకిస్తాన్ ప్రభుత్వం’ అని ఇంగ్లీషు, ఉర్దూలలో అదనంగా ముద్ర వేసిన భారతదేశపు నోట్లే అక్కడ 1948 ఏప్రిల్ నుంచి చెల్లాయి. గల్ఫు కథ ఇంకా విశేషమైనది. కువైట్, బహ్రెయిన్, ఖతార్, ఒమన్ తదితర దేశాలలో ఒకప్పుడు మన రూపాయే వాడుకలో ఉండేది. దానిని ఆసరాగా చేసుకొని బంగారం దొంగరవాణా పెరిగిపోవటంతో, 1959లో ఆ దేశాలకు మాత్రమే చెల్లే వేరు నోట్లను రంగు మార్చి ముద్రించారు. వాటి నంబరు ముందు ‘జెడ్’ అక్షరం ఉండేది. మక్కాకు పోయే యాత్రికులకు పది, వంద రూపాయలలో ‘హజ్’ అని ముద్రించిన నోట్లు కూడా వెలువడ్డాయి. వాటి ముందు అక్షరాలు ‘హెచ్ ఏ’. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ తమ సొంత నాణెములను ప్రవేశపెట్టుకున్నాయి. 1966లో రూపాయి విలువ తగ్గించటంతో తక్కినవీ దూరమయ్యాయి; 1970లో ఒమన్ కూడా. తరువాతి దశాబ్దాలలో కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫుకు పోయి దీనారులు, రియాళ్లు పంపిన మన కూలీలలో ఎందరికి తెలుసు, ఆ ఎడారిలో ఒకప్పుడు నాసిక్ నోటు రాజ్యమేలిందని!

నాసిక్ రోడ్డు నుంచి ఉదయాన బయలుదేరే పంచవటి ఎక్స్‌ప్రెస్సు కసారా కనుమ దిగి ముంబై చేరుతుంది. స్టేషను వెలుపలికి వస్తే ఫోర్టు ప్రాంతం కాలినడక దూరమే. అక్కడ సర్ ఫిరోజ్‌షా మెహతా రోడ్డులోని అమర్ బిల్డింగులో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ద్రవ్య ప్రదర్శనశాలను 2004 నవంబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. విద్ధాంక నాణేల నుంచి నేటి నోటు దాకా డబ్బు పుట్టుపూర్వోత్తరాలన్నీ అక్కడ ఓపికగా పేర్చి ఉన్నాయి. అందులో నడిచి వచ్చినవారికి ఒక సంగతి స్ఫురిస్తుంది. ప్రభుత్వం దాచేది నమూనాను. సేకర్త దాచేది వ్యక్తిని.

ఈ తేడాకు చక్కని ఉదాహరణ ‘షిరాలా’ ఓడ. 1918 జూలై 2న, లండను నుంచి బొంబాయికి వస్తున్న ఆ ఓడను ఇంగ్లండు దక్షిణ తీరాన జర్మను జలాంతర్గామి ముంచివేసింది. దానిలోని సరుకులలో ఇంకా సంతకాలు పడని అయిదు, పది రూపాయల నోట్లున్నాయి. అవి అలల మీద తేలి ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. అధికారులు చాలావరకు ఏరి నాశనం చేసి, వాటి బదులు వేరు నోట్లు అచ్చువేయించారు. కొన్ని మాత్రం ఎవరెవరి ఇళ్లలోనో మిగిలిపోయాయి. 2024లో వాటిలో రెండు పది రూపాయల నోట్లు లండనులో వేలానికి వచ్చాయి. రెండింటి నంబర్లూ దగ్గరదగ్గరవి. కట్ట నడిమధ్యన బిగువుగా ఉండటం వలననే ఉప్పునీరు వాటిని తాకలేకపోయిందని నిపుణులు భావించారు. నూరేళ్ల తరువాత కూడా ఆ రెండూ ఒకే కట్టలోని తోబుట్టువులని పట్టి ఇచ్చినది నంబరే.

ఫోర్టులోను, కాల్బాదేవిలోను, ఢిల్లీ చాందినీచౌకులోను, మన కోఠీలోను ఈ వ్యాపారం తీరు ఇంచుమించు ఒకటే. పాత నాణేల దుకాణంలో ఒక మూల ప్లాస్టిక్ అరల పుస్తకం ఉంటుంది. నోట్లు అందులో ఉంటాయి. చాందినీచౌకు పక్కన కినారీ బజారులో పెండ్లికొడుకు మెడలో వేసే నోట్ల దండలు అమ్ముతారు. ఫెళఫెళలాడే కొత్త పది రూపాయల నోట్లను మడిచి గుచ్చిన ఆ దండను చూస్తే అందరికీ వేడుక. సేకర్తకు మాత్రం ప్రాణం విలవిలలాడుతుంది. ఆ మడతలలో ఏ 999999 నలిగిపోయిందో!

ఇంతవరకు చెప్పినది సరదా. దీని వెనుక చీకటి కోణం ఒకటి ఉన్నది. ముందు వేసిన లెక్క దాని కోసమే.

786 నోటుకు లక్షలు ఇస్తామని, ట్రాక్టరు బొమ్మ గల పాత అయిదు రూపాయల నోటు ఉంటే కోటీశ్వరులు కావచ్చునని ప్రకటనలు ఫోనులో కనిపిస్తూనే ఉంటాయి. పెట్టె అడుగున అటువంటి నోటు దొరికిన పల్లెటూరి రైతు గాని, ఇంటిపట్టున ఉండే ముసలమ్మ గాని ఆ నంబరుకు ఫోను చేస్తే అవతలి గొంతు ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. నోటు బొమ్మ పంపమంటుంది. “మీ నోటు ఖరారయింది, నమోదు రుసుము మాత్రం కట్టండి” అంటుంది. ఆ తరువాత పన్ను, ఆ తరువాత కమీషను. కట్టే కొద్దీ మరొకటి. నోటు కొనేవాడు రాడు, కట్టిన డబ్బు తిరిగిరాదు. రిజర్వు బ్యాంకు పేరును, చిహ్నాన్ని కూడా ఈ మోసగాళ్లు వాడుకోవటంతో, 2021 ఆగస్టులో బ్యాంకు స్వయంగా ప్రకటన చేయవలసి వచ్చింది: తాము ఇటువంటి వ్యవహారాలు జరపమని, ఎటువంటి రుసుము గాని కమీషను గాని అడగమని, తమ తరపున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని.

ఏటా ఎనిమిది కోట్లు పుట్టే నోటు లక్షలు చేయదు. ఈ ఒక్క లెక్క తెలిస్తే ఎన్నో ఇళ్లలో డబ్బు నిలిచేది. అనుభవం గల సేకర్త సాధారణమైన 786 నోటుకు ముఖవిలువ మీద కొద్దిపాటి మాత్రమే ఎక్కువ ఇస్తాడు. 786786 అయితే, అందులోనూ నలగనిదైతే, కొంత బేరమాడతాడు. నిజమైన సేకర్త ముందు నోటును చేతిలోకి తీసుకొని చూస్తాడు, తన జేబు నుంచి డబ్బు తీస్తాడు. ముందు మీరే కట్టండి అనేవాడు సేకర్త కాడు. మోటారు వాహనాల నంబర్ల వేలంలో 9999 కోసం హైదరాబాదులో ధనికులు లక్షలు కుమ్మరిస్తారన్న వార్తలు చదివినవారికి నోటు నంబరుకూ అంత ధర ఉంటుందని తోచటం సహజమే. కాని అక్కడ అమ్మేది ప్రభుత్వం, ఆ నంబరు అక్కడ ఒక్కటే. నోటు విషయంలో ఆ రెండూ లేవు.

సేకర్తలకు చట్టం కూడా ఒక గీత గీసింది. 2016 నవంబరు 8 రాత్రి పాత అయిదు వందలు, వేయి రూపాయల నోట్లు రద్దయ్యాయి. 2017లో వచ్చిన చట్టం ప్రకారం అటువంటి నోట్లు పదికి మించి ఎవరి వద్దా ఉండరాదు. అధ్యయనానికో, పరిశోధనకో, సేకరణకో అయితే ఇరవై అయిదు దాకా ఉండవచ్చు. ఆనాడు బ్యాంకుల ముందు వరుసలలో నిలబడినవారిలో సేకర్తలు కూడా ఉన్నారు. ఏళ్లు శ్రమించి కూర్చుకున్న వేయి రూపాయల నోట్ల నుంచి ఇరవై అయిదింటిని ఎంచుకొని, తక్కినవాటిని మామూలు డబ్బు వలె కట్టివేయటం ఎటువంటి పరీక్షో ఊహించుకోవలసిందే. బ్యాంకు గుమాస్తా వాటి నంబర్లు చూడలేదు. చూడవలసిన పనీ లేదు.

చెల్లని డబ్బు సంగతి హైదరాబాదుకు కొత్త కాదు. నిజాం రాజ్యానికి సొంత నాణెమే కాక, 1918 నుంచి సొంత నోటు కూడా ఉండేది. ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులు కూడా దాని మీద చోటు చేసుకున్నాయి. ఉస్మానియా సిక్కా ఏడు రూపాయలు ఆంగ్లేయుల రూపాయలు ఆరింటికి సమానం. ఆ లెక్కన ఆంగ్లేయుల నూరు రూపాయలకు ఇక్కడి నూట పదహారు రూపాయల చిల్లర. మన పెండ్లిళ్లలో నూటపదహార్లు చదివించే ఆచారానికి ఇదే మూలమని పెద్దలు కొందరు చెప్తారు. ఆ నోట్లపై ఆర్థిక మంత్రులుగా సంతకాలు చేసినవారిలో గులాం మహమ్మద్ తరువాత పాకిస్తాను గవర్నర్ జనరల్ అయ్యాడు. జాహిద్ హుస్సేన్ పాకిస్తాను స్టేట్ బ్యాంకుకు తొలి గవర్నరు అయ్యాడు.

తొలి రోజులలో ఈ నోట్లను లండనులో అచ్చువేసినది వాటర్లో కంపెనీయే. 1922 మే 20న, బొంబాయికి బయలుదేరిన ‘ఈజిప్టు’ అనే ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర మంచులో ఒక ఫ్రెంచి ఓడను ఢీకొని మునిగిపోయింది. టన్నుల కొద్దీ బంగారం, వెండితో పాటు నిజాం ప్రభుత్వపు నోట్లు కూడా అడుగుకు చేరాయి. ఆ బంగారం కోసం ‘ఆర్టీలియో’ అనే ఇటాలియను ఓడవారు ఏళ్ల తరబడి గాలించారు. 1930 డిసెంబరులో మరొక మునిగిన ఓడను పేల్చబోయి, ఆ పేలుడులో తమ ఓడనూ, నావికులనూ పోగొట్టుకున్నారు. అయినా మానక, మరొక ఓడతో వచ్చి 1932లో బంగారాన్ని వెలికితీశారు. దానికంటె ముందుగా ఇనుప దోసిలికి తగిలి పైకి వచ్చినవాటిలో నిజాం నోట్లున్నాయి. వాటిపై సంతకాలు లేవు గనుక డబ్బుగా అవి దమ్మిడీకి కొరగావు. నావికులు బంగారానికి ఎదురుచూస్తుంటే పైకి వచ్చినది తడి కాగితం! నేడు ఆ తడిసి ఆరిన కాగితం కోసం సేకర్తలు పోటీ పడతారు.

హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో గురువారం నాడు నేల మీద పరచిన పాత సామానుల మధ్య, తుప్పు పట్టిన తాళాల పక్కన, పగిలిన గడియారాల పక్కన, అప్పుడప్పుడు ఒక సిగరెట్టు డబ్బా కనిపిస్తుంది. అందులో ఏవో నాణేలు, మడతలు పడిన నోట్లు. అమ్మేవాడు ధర చెప్పేముందు కొనేవాడి ముఖం చూస్తాడు. కొనేవాడు ముఖంలో ఏమీ కనపడనీయక, ఒక్కొక్క నోటును ఎండకు ఎత్తి, మూలన ఉన్న అంకెల మీద బొటనవేలు ఆనించి, ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చదువుకుంటాడు.